అద్దంకి మెట్లు, వీరాస్వామయ్య డేరాలు: తెలుగువారి బహుదేశయాత్రా సన్నాహంపై ఒక చారిత్రక పరిశీలన

ప్రవేశిక

ఏనుగుల వీరాస్వామయ్య (1780–1836) రచించిన కాశీయాత్ర చరిత్ర ఆధునిక తెలుగు వచన చరిత్రలో తరచుగా ప్రస్తావనకు వచ్చే గ్రంథం. వాడుక భాషకు తొలి పెద్ద ఉదాహరణగా కొందరు, పందొమ్మిదో శతాబ్ది పూర్వార్ధపు సాంఘిక చిత్రణగా మరికొందరు దానిని పరిశీలించారు. ఈ రెండు దృష్టులూ అవసరమైనవే. అయితే ఆ గ్రంథపు మొదటి పాఠకుడికి కావలసింది భాషాచర్చ కాదు. వీరాస్వామయ్య మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళె కోరిక మేరకు పుట్టిన దినచర్య అది. ఏ ఊళ్ళో అంగళ్ళున్నాయి, జలవసతి ఎలా ఉంది, ఏ యేరు ఎలా దాటాలి, ఎక్కడ హాశీలు అడుగుతారు, బస చేయడానికి సత్రముందా లేక డేరా వేసుకోవాలా అన్న వివరాలు మజిలీ మజిలీకీ అందులో కనిపిస్తాయి. రేపు అదే దారిన వెళ్ళబోయేవాడికోసం రాసిన మాటలవి.

ఈ వ్యాసం కాశీయాత్ర చరిత్రను ప్రయాణ సన్నాహానికి ఆధారంగా చదువుతుంది. పలు రాజ్యాల మీదుగా, పలు నగరాలను చూస్తూ సాగే యాత్రకు కావలసిన దారి, నీరు, బస, రక్షణ, నాణెపు మారకం ఎవరు సమకూర్చాలి? ఈ ప్రశ్నకు తెలుగునేల మీద వేర్వేరు కాలాలు వేర్వేరు జవాబులిచ్చాయి. పద్నాలుగో శతాబ్దిలో అద్దంకి రాజధానిగా ఏలిన రెడ్డిరాజు ఆ భారంలో కొంత తన మీద వేసుకున్నాడు. 1830 నాటికి అది దాదాపు పూర్తిగా యాత్రికుడి మీద పడింది. భారం చేతులు మారినప్పుడు ఎవరు ప్రయాణం చేయగలరు, ఎవరు చేయలేరు అన్నది కూడా మారిపోయింది. ఈ వ్యాసం ప్రతిపాదించేది ఇదే.

'దేశం' అన్న మాట

కాశీయాత్రను బహుదేశయాత్ర అనడం నేటి చెవికి కొంత వింతగా తోచవచ్చు. వీరాస్వామయ్య అడుగుపెట్టిన ప్రాంతాలన్నీ నేటి భారతదేశంలోనివే. కానీ 'దేశాలు పట్టిపోవడం', 'దేశాంతరం వెళ్ళడం' అని తెలుగువాడు అన్నప్పుడు సముద్రం దాటాలన్న నియమం లేదు. వేషం, భాష, తిండి, నాణెం, ఏలిక మారితే అది మరో దేశమే. వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణం విడిచి, 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరాడు. మొత్తం 474 రోజులు. ఈ కాలంలో ఆయన దాటిన ఏలుబడులను వరసగా చెప్పుకుంటే సంగతి తేటపడుతుంది. చెన్నపట్టణం నుండి కడప దాకా కుంఫిణీ సీమ. శ్రీశైలం కందనవోలు నవాబుది. కృష్ణ దాటితే నైజాము రాజ్యం. అందులోనూ మొదట సంస్థానాధీశుల సీమలు, తరువాత హైదరాబాదు. వార్ధానది అవతల నాగపూరు భోంసలేలు. జబ్బల్‌పూరు ప్రాంతం మళ్ళీ కుంఫిణీది. వింధ్య దాటే చోట రీవా రాజ్యం. ప్రయాగ, కాశి, పాట్నా, గయ, కలకత్తా కుంఫిణీ పాలనలోవే అయినా చెన్నపట్టణపు ప్రభుత్వానికీ బంగాళా ప్రభుత్వానికీ కట్టడులు వేరు, రూపాయలు సైతం వేరు. ఇన్ని హద్దులున్న యాత్రను ఒకే దేశంలోని ప్రయాణంగా లెక్కించడం మన కాలపు పటాన్ని ఆ కాలం మీద పరచడమే అవుతుంది.

అద్దంకి నుండి చూస్తే

గుండ్లకమ్మ ఒడ్డునున్న అద్దంకి పేరు చెప్పగానే సాహిత్య విద్యార్థికి పండరంగని పద్యశాసనమూ, ఎఱ్ఱాప్రగ్గడా గుర్తుకువస్తారు. దారుల చరిత్రలో కూడా ఈ ఊరికి చోటుంది. నేడు హైదరాబాదు నుండి ఒంగోలు, నెల్లూరు వైపు పోయే వాహనాలు నార్కెట్‌పల్లి–అద్దంకి రహదారి మీదుగా దిగి తీరపు రహదారిని కలుస్తున్నాయి. పడమటి కొండలకూ తూర్పు రేవులకూ నడుమ ఉండడమే ఈ ఊరి ఉనికిలోని బలం. ప్రోలయ వేమారెడ్డి 1325 ప్రాంతంలో దీనిని రాజధానిగా చేసుకోవడానికి ఈ స్థితి కూడా ఒక కారణమై ఉండాలి. ఒకవైపు శ్రీశైలం, అహోబిలం; మరొకవైపు మోటుపల్లి.

వేమారెడ్డి శ్రీశైలానికీ అహోబిలానికీ మెట్లు కట్టించాడన్నది రెడ్డిరాజుల చరిత్రలో సుప్రసిద్ధ విషయం. చరిత్రకారులు దీనిని భక్తికి నిదర్శనంగా చెప్పి ముందుకు సాగిపోతుంటారు. కొంచెం ఆగి చూడవలసిన సంగతి ఇది. ఆలయానికి గోపురం కట్టిస్తే ఆలయం పెరుగుతుంది. కొండకు మెట్లు కట్టిస్తే యాత్రికుల సంఖ్య పెరుగుతుంది. మెట్టు వల్ల ముసలివాడు, బిడ్డను చంకనెత్తుకున్న తల్లి, కావడి మోసేవాడు కొండెక్కగలుగుతారు. డోలీకి డబ్బులేని వాడికి మెట్టే వాహనం. కాకతీయుల పతనం తరువాత రెండు మూడేళ్ళు కూడా గడవకముందే నెలకొన్న చిన్న రాజ్యం, దక్షిణాపథమంతటి నుండీ జనం వచ్చే రెండు క్షేత్రాలకు దారి వేయడానికి పూనుకోవడంలో రాజకీయ ప్రకటన కూడా ఉంది. తాను ఏలే నేలకు మించిన జనానికి తాను అండ అని చెప్పుకోవడం అది. హేమాద్రి చెప్పిన దానాలను ఆచరించినవాడిగా వేమారెడ్డిని శాసనాలు కీర్తించడాన్ని ఈ సందర్భంలోనే అర్థం చేసుకోవాలి. ఆ దానాల పరంపరలో బ్రాహ్మణులకిచ్చిన అగ్రహారాలే కాక దారినపోయేవాడి దాహం, విశ్రాంతి కూడా పుణ్యకార్యాలుగా లెక్కకు వస్తాయి.

ఈ ఆలోచన అద్దంకిలో పుట్టినది కాదు. 1261 నాటి మల్కాపురం శాసనంలో దీనికి ముందురూపం కనిపిస్తుంది. కృష్ణాతీరంలోని మందడం గ్రామాన్ని రుద్రమదేవి విశ్వేశ్వర శివాచార్యుడికి ధారపోసింది. ఆ ఆచార్యుడు గౌడదేశంలోని దక్షిణరాఢకు చెందినవాడు. ఆయన గురుపరంపర నర్మదా ప్రాంతపు డాహలమండలంలోని గోళకీమఠానిది. బంగాళంలో పుట్టి, నర్మదాతీరపు మఠ సంప్రదాయంలో దీక్షపొంది, కృష్ణ ఒడ్డున స్థిరపడిన ఒక మనిషి బ్రతుకే మూడు దేశాల యాత్ర. ఆ మఠానికి అనుబంధంగా విద్యాలయం, ఆరోగ్యశాల, ప్రసూతిశాల, అన్నసత్రం ఏర్పడ్డాయి. బ్రాహ్మణుడు మొదలు చండాలుడి వరకు వచ్చినవారెవరికైనా అన్నం పెట్టాలని శాసనం చెబుతుంది. యాత్రికుడి వైపునుండి చూస్తే ఆ చివరి నియమం అత్యంత విలువైనది. బయలుదేరేటప్పుడు ఎన్ని మూటల బియ్యం కట్టుకోవాలన్న లెక్క దాంతో మారిపోతుంది. ఒక మజిలీలో అన్నం ఖాయమైతే నాలుగు మజిలీల బరువు తగ్గుతుంది.

శాసనం మాట ఇస్తుందే గాని ఆ మాట ఎన్నాళ్ళు నిలిచిందో చెప్పదు. ఆ సత్రంలో ఎంతమంది తిన్నారో, ఎన్ని తరాల తరువాత పొయ్యి ఆరిందో రాతి మీద ఉండదు. దానశాసనాలను చదివి ఒక స్వర్ణయుగాన్ని ఊహించుకునే అలవాటు మన పరిశోధనలో ఇంకా పూర్తిగా పోలేదు. మెట్ల సంగతి వేరు. రాయి గనుక అది నిలుస్తుంది. సత్రపు మాన్యం అన్యాక్రాంతమైనట్టు మెట్టు కాదు.

మోటుపల్లి అభయం

అద్దంకికి తూర్పున సముద్రతీరంలోని మోటుపల్లి రేవును వేమారెడ్డి తమ్ముడు మల్లారెడ్డి గెలిచాడు. అంతకు ఎనభై ఏళ్ళ ముందు, 1244లో, కాకతి గణపతిదేవుడు అక్కడ వేయించిన శాసనం దూరప్రయాణికుడి భయాన్ని నేరుగా ప్రస్తావిస్తుంది. గాలివానకు కొట్టుకువచ్చి ఒడ్డున పడ్డ ఓడల సరుకును పూర్వపు రాజులు బలవంతంగా లాక్కునేవారనీ, తాను కట్టడి చేసిన సుంకం తప్ప మరేమీ తీసుకోననీ అందులో గణపతిదేవుడు ప్రకటించాడు. సుంకం ముప్పయింట ఒక వంతు. చందనం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టు, మిరియాలు, పోకలు అంటూ సరుకుల వరసా ఉంది.

పర్యటనకు సిద్ధపడేవాడు మొదట కోరుకునేది చౌక కాదు, ముందే తెలిసిన ఖర్చు. ఎంత సుంకం పడుతుందో బయలుదేరకముందే తెలిస్తే లెక్క కుదురుతుంది. రేవులో దిగాక అధికారి ఇష్టానికి వదిలితే ఏ లెక్కా నిలవదు. గణపతిదేవుడి అభయశాసనం విలువ తక్కువ రేటులో కంటే, ఆ రేటును అందరికీ కనిపించేలా రాతిమీద చెక్కించడంలో ఉంది. వెనీసు వర్తకుడు మార్కోపోలో వర్ణించిన 'ముత్ఫిలి' ఈ మోటుపల్లేనని చరిత్రకారులు గుర్తించారు. సాలెగూటివలె సన్నని ఇక్కడి బట్టల గురించి ఆయన చెప్పిన మాటలు ప్రసిద్ధం. వేమారెడ్డి కొడుకు అనవోతారెడ్డి రాజధానిని కొండవీటికి మార్చినా మోటుపల్లిని మరచిపోలేదు. 1358లో వేయించిన శాసనంలో అక్కడికి వచ్చే వర్తకులకు గౌరవం, సరుకును తమ ఇష్టప్రకారం అమ్ముకునే స్వేచ్ఛ, సుంకాల తగ్గింపు ప్రకటించాడు. కొండకు మెట్లు వేయించిన వంశమే రేవుకు అభయమిచ్చింది. ఈ రెండు పనులనూ ఒకటి ధార్మికం, ఒకటి ఆర్థికం అని విడదీసి చదవడం వల్ల వాటి మధ్యనున్న సంబంధం మనకు కనిపించకుండా పోతున్నది. రెండూ పరదేశం నుండి వచ్చేవాడి అనిశ్చితిని తగ్గించే ఏర్పాట్లే.

1830: దారి ఎంచుకోవడం

వీరాస్వామయ్య నాటికి అద్దంకి రాజ్యం జ్ఞాపకమైంది. కొండవీడు, విజయనగరం, గోలకొండ పోయాయి. చెన్నపట్టణంలోని సుప్రీంకోర్టులో హెడ్ ఇంటర్‌ప్రిటరుగా పనిచేస్తున్న నియోగి బ్రాహ్మణుడు ఆయన. తెలుగు, తమిళం, ఇంగ్లీషు వచ్చు, హిందూస్తానీతో వ్యవహరించగలడు. ఇన్ని రాజ్యాల గుండా పోయేవాడికి ఇది చిన్న సౌకర్యం కాదు. ఇతరులు దారిపొడుగునా దుబాసీని వెదుక్కోవాలి. ఆయన వృత్తే దుబాసీతనం.

ఆయన ఎంచుకున్న దారిని పటం మీద గీస్తే ఒక పెద్ద వలయం ఏర్పడుతుంది. తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబ్బల్‌పూరు మీదుగా లోతట్టు దారిన ప్రయాగకు వెళ్ళాడు. గంగలో పడవల మీద కాశి, పాట్నా వైపు సాగి, గయ చూసి కలకత్తా చేరాడు. తిరుగు ప్రయాణం కటకం, జగన్నాథం, గంజాం, సింహాచలం, రాజమహేంద్రవరం, బందరు మీదుగా తీరపు దారిన సాగింది. ప్రయాగ, కాశి, గయ అనే త్రిస్థలి మాత్రమే లక్ష్యమైతే వెళ్ళిన దారినే రావచ్చు. తెలిసిన దారి కనుక శ్రమా తక్కువే. ఆయన అలా చేయలేదు. వెళ్ళేటప్పుడు చూడని దేశాన్ని వచ్చేటప్పుడు చూడాలన్న కోరిక ఈ వలయంలో స్పష్టంగా ఉంది. ప్రదక్షిణం చేసినట్టు దేశాన్ని చుట్టి రావడం సంప్రదాయానికి నచ్చే ఆకారమే. కానీ అందులో హైదరాబాదు, నాగపూరు, కలకత్తా వంటి రాజధానులు పడడం, వాటిలో కట్టడాలు, బజార్లు, పాలన, ప్రజల నడవడి గురించి రాసిన పుటలు క్షేత్రమాహాత్మ్యాలతో పోటీ పడడం గమనించాలి. ఇది తీర్థయాత్ర వేషంలోని విహారం అని నేననను. ఆ రెంటికీ నడుమ మనం గీసే గీత ఆయనకు లేదు. ఊరు చూడడమూ పుణ్యంలో భాగమే.

కాలం ఎంపిక విషయంలో మాత్రం ఆయన పథకం మెచ్చదగినది కాదు. మే మధ్యలో చెన్నపట్టణం విడిచినవాడికి కృష్ణకు ఉత్తరాన వానాకాలం తప్పదు. హైదరాబాదు నుండి నిర్మల, ఎదులాబాదు మీదుగా నాగపూరు పోయే దారి నల్లరేగడి. వాన పడితే భోయీల కాళ్ళు మోకాలిబంటి దిగబడే నేల. గోదావరి, వార్ధా నిండుగా పారే రోజులు. రేగడి నేల గుణం గుంటూరు, ఒంగోలు సీమల రైతుకు కొత్తగా చెప్పనక్కరలేదు. ఎండలో రాయి, వానలో జిగురు. అయితే ముందే వెళ్ళాలంటే ఎండ, ఆలస్యంగా వెళితే గంగాతీరపు చలి. పదిహేను నెలల యాత్రలో ఏదో ఒక ఋతువుకు లొంగక తప్పదని ఆయన ఎరిగే ఉండాలి.

శ్రీశైలం ఎక్కేటప్పుడు ఆయన పోయింది ఆత్మకూరు వైపునుండి నాగలూటి, పెద్దచెరువు, భీముని కొల్లం మీదుగా సాగే అడవిదారి. ఆ దారిలోని మెట్లను అద్దంకి వేమారెడ్డి పేరుతోనే చెప్పుకుంటారు. తరువాతి పాలకులు కూడా శ్రీశైలానికి మెట్లు, మండపాలు చేర్చారు. అనవేమారెడ్డి 1377లో కట్టించిన వీరశిరోమండపం, విజయనగరపు రాణి విఠలాంబ పాతాళగంగకు వేయించిన మెట్లు వాటిలో ముఖ్యమైనవి. వందల ఏళ్ళ కింద కూర్చిన ఆ రాళ్ళు 1830లోనూ యాత్రికుడి పాదానికి ఆనాయి. మెట్లు మిగిలాయి గాని మెట్లు కట్టించిన ధర్మం మిగలలేదు. క్షేత్రాన్ని ఏలుతున్న కందనవోలు నవాబుకు శ్రీశైలం ఒక రాబడి. యాత్రికుల నుండి హాశీలు రాబట్టడమే అతనికి ముఖ్యం. అడవిలో చెంచువారి కావలికి యాత్రికులే ఇచ్చుకోవాలి. దారి వేసిన రాజు పన్ను అడగలేదు. పన్ను అడిగే రాజు దారి వేయలేదు.

ఈ తీరు నవాబుకు మాత్రమే పరిమితం కాదు. కుంఫిణీ ప్రభుత్వం కూడా ప్రయాగ, గయ, జగన్నాథాలలో యాత్రికులపై పన్ను వసూలు చేసేది. 1810 కట్టడి ప్రకారం ప్రయాగలో కాలినడకన వచ్చినవాడికి ఒక రూపాయి, గుర్రం మీదనో పల్లకీలోనో వచ్చినవాడికి రెండు రూపాయలు. జగన్నాథంలో తరగతులు మరింత జటిలం. ఈ పన్ను 1840లో రద్దయింది. అప్పటికి వీరాస్వామయ్య కన్నుమూసి నాలుగేళ్ళు. గణపతిదేవుడి మోటుపల్లి శాసనంలాగే ఇక్కడ కూడా రేటు ముందే నిర్ణయమై ఉంది. ఆ మేరకు అది లెక్కకు అందే ఖర్చు. తేడా ఎక్కడంటే, మోటుపల్లిలో లాభానికి వచ్చినవాడి సరుకు మీద సుంకం. ప్రయాగలో స్నానానికి వచ్చినవాడి తల మీద సుంకం.

డేరా, భోయీలు, హుండీ

రాజు చేయని ఏర్పాటును యాత్రికుడు తన వెంట మోసుకుపోవలసిందే. వీరాస్వామయ్య పరివారం సుమారు నూరుమంది. తల్లి, భార్య, బంధుమిత్రులు, పల్లకీ మోసే భోయీలు, కావటి మనుషులు, బంట్రోతులు, పరిచారకులు. సత్రం లేని చోట డేరా. బియ్యం దొరకని మజిలీ వస్తుందని తెలిస్తే ముందు ఊళ్ళోనే కొనడం. ఇది ఒక కుటుంబం చేసే యాత్రలా కంటే కదిలే చిన్న ఊరులా ఉంటుంది. కొండవీటి, అద్దంకి సీమలలో ఒకప్పుడు దారి పక్కన స్థిరంగా ఉండవలసిన సత్రం, చలివేంద్రం, కావలి ఇక్కడ మనుషుల భుజాలకెక్కి యజమానితో పాటు నడిచాయి.

భోయీల సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. మజిలీ మజిలీకీ కొత్తవారిని కుదుర్చుకుంటే ఆ సీమ ఎరిగినవారు దొరుకుతారు; కానీ కూలి బేరం, భాష, నమ్మకం ప్రతిసారీ కొత్తగా మొదలవుతాయి. మొదటినుండీ వెంట తీసుకుపోతే జీతం ఖాయం, జట్టు ఖాయం. కానీ వారి రోగం, అలసట, ఇంటిమీది బెంగ అన్నీ యజమాని బాధ్యతలే. దూరయాత్ర చేసే ప్రతి యజమానికీ ఎదురైన ఎంపిక ఇది. వాంతిభేది చెలరేగే ఆ దశాబ్దాలలో నూరుమంది ఆరోగ్యం అంటే మాటలు కాదు. మందుల పెట్టె డేరాతో సమానమైన అవసరం. యాత్రను మోసినవారి పేర్లు గ్రంథంలో కనబడవన్నది మన తరం పాఠకుడికి తట్టక మానదు. ఆ 474 రోజులను తమ కాళ్ళతో కొలిచినవారు వారు.

డబ్బు విషయం మరింత చిక్కు. కుంఫిణీ ఏలుబడి అంతటా ఒకే రూపాయి చెల్లుబడి కావడం 1835 చట్టంతో మొదలైంది. 1830లో చెన్నపట్టణపు రూపాయి, హైదరాబాదు రూపాయి, నాగపూరు రూపాయి, ఫరక్కాబాదు రూపాయి, కలకత్తా సిక్కా రూపాయి వేర్వేరు. ప్రతి హద్దు దగ్గరా షరాబు ముందు కూర్చుని వట్టం లెక్కలు చూసుకోవలసిందే. పదిహేను నెలల ఖర్చును రొక్కంగా మోసుకుపోవడం దొంగలను పిలిచినట్టే. జబ్బల్‌పూరు, సాగరు ప్రాంతాలలో ఠగ్గుల అణచివేతకు కుంఫిణీ పూనుకున్నది సరిగ్గా ఆ ఏళ్ళలోనే. ఇటువంటి దారిన పోయేవాడికి దిక్కు హుండీ. సాహుకారు రాసిచ్చిన కాగితాన్ని దూరపు నగరంలోని అతని కొఠీలో చూపి అక్కడి నాణెంలో డబ్బు పుచ్చుకోవడం. రాజులు విడగొట్టిన నేలను షావుకార్ల నమ్మకం కుట్టిపెట్టింది. రాజ్యాల పటం వేరు, హుండీ చెల్లే నగరాల పటం వేరు. యాత్రను రెండవ పటం మీద గీసుకుంటేనే డబ్బు అందుతుంది. హైదరాబాదు, నాగపూరు, కాశి, కలకత్తా వంటి చోట్ల మజిలీలు దీర్ఘంగా సాగడానికి చూడవలసిన వింతలతోపాటు ఈ అవసరం కూడా ఒక కారణమై ఉండవచ్చునని నా అభిప్రాయం.

ఇదే శతాబ్ది ఉత్తరార్ధంలో ఇంగ్లండులో థామస్ కుక్ ఈ పనులన్నిటినీ కలిపి ఒక వ్యాపారంగా మార్చాడు. రైలు చీటీ, బస, భోజనం, పలు దేశాలలో చెల్లే డబ్బుకాగితం ఒకే అంగట్లో దొరికేలా చేశాడు. 1869లో సూయజు కాలువ తెరుచుకుంది. 1873లో చెన్నపట్టణం నుండి ఇంగ్లండు వెళ్ళి, పారిసు కూడా చూసి వచ్చిన పోతం జానకమ్మ తన అనుభవాలను తెలుగులో రాసి, 1876లో తానే ఇంగ్లీషులో పుస్తకంగా వెలువరించింది. వీరాస్వామయ్యకు నూరుమంది, డేరాలు కావలసివచ్చాయి. జానకమ్మకు ఓడలో ఒక గది, రైలులో ఒక చోటు చాలాయి. నలభై ఏళ్ళలో యాత్రా భారం యాత్రికుడి భుజం దిగి కంపెనీల లెక్కపుస్తకాలకు చేరిందనడానికి ఈ రెండు పుస్తకాలను పక్కపక్కన పెట్టి చదవడం మేలు. తెలుగు యాత్రాసాహిత్య పరిశోధన ఆ పని ఇంకా విరివిగా చేయవలసి ఉంది.

తీరపు దారి, నందన కరువు

వీరాస్వామయ్య తిరుగుదారి చివరి భాగం బందరు నుండి కృష్ణ దాటి, ఒంగోలు, నెల్లూరు మీదుగా సాగింది. అద్దంకికి తూర్పుగా, మోటుపల్లి పాతరేవుకు చేరువగా పోయే దారి అది. 1831 వానాకాలం. సొంత భాష, తెలిసిన తిండి, ఇంటికి దగ్గరవుతున్న తీరు. అప్పటికే బంగాళం, ఒడ్డెసీమ, గంజాం దాటి వచ్చిన పరివారానికి ఇది సుఖమైన అంకం కావడం సహజం.

ఆ మరుసటి ఏడు వానలు పోయాయి. నందన నామ సంవత్సరంలో, అంటే 1832–33లో, గుంటూరు సీమను కరువు కబళించింది. జనం దానిని డొక్కల కరువు అన్నారు. సుమారు ఐదు లక్షల జనాభాలో లక్షన్నర నుండి రెండు లక్షల మంది దాకా చనిపోయారని అంచనాలున్నాయి. గింజ దొరకని పల్లెలు విడిచి వేలాదిమంది దక్షిణంగా చెన్నపట్టణం వైపు నడిచారు. వీరాస్వామయ్య పల్లకీ పోయిన తీరపు దారే వారి దారి. వారికి డేరా లేదు, హుండీ లేదు, రహదారీ పత్రం లేదు, మజిలీల పట్టిక లేదు. చెన్నపట్టణం చేరితే గంజి దొరుకుతుందన్న వార్త ఒక్కటే వారి పథకం. దారి పొడుగునా శవాలు పడివున్నాయని సమకాలికులు రాశారు.

అప్పుడు గుంటూరులో కుంఫిణీ ఉద్యోగంలో ఉన్న సి.పి. బ్రౌన్ తన నివేదికలలో 'కరువు' అన్న మాట వాడినందుకు పైవారి ఆక్షేపణకు గురయ్యాడని ఆయన జీవితచరిత్రకారులు చెబుతారు. ప్రభుత్వానికి నచ్చిన మాట 'కొరత'. కొరత అయితే బజారు సర్దుకుంటుంది. కరువు అయితే ప్రభుత్వం కదలాలి. మల్కాపురం శాసనం వచ్చినవారెవరికైనా అన్నం పెట్టమన్న సీమ ఇదే. మందడం నుండి గుంటూరు ఒక పూట ప్రయాణం. రాతిమీద రాసిన ఆ మాటకు 1833 నాటికి బాధ్యుడు ఎవరూ లేరు. పన్ను వసూలు చేసే కచ్చేరీ మాత్రం ఉంది. గుంటూరు సీమ దుర్దశ మీద వాల్టర్ ఎలియట్ విచారణ జరిగేసరికి 1840ల నడిమికి వచ్చాం. కృష్ణ ఆనకట్ట పని 1852లో మొదలై 1855లో ముగిసింది. చెన్నపట్టణానికి బెజవాడ నుండి నేరుగా రైలు రావడానికి 1899 దాకా ఆగవలసివచ్చింది.

శ్రీనివాసపిళ్ళె కాశీయాత్ర చరిత్రను అచ్చువేయించింది 1838లో. అప్పటికి గ్రంథకర్త లేడు. కొత్తగా కాశికి బయలుదేరదలచిన చెన్నపట్టణపు గృహస్థు ఎవరైనా ఆ పుస్తకాన్ని చేతబట్టి తిరుగుదారిని లెక్కవేసుకుని ఉంటే, బందరుకూ నెల్లూరికీ నడుమ చెప్పిన అంగళ్ళు, బస్తీలు, వసతులు అన్నీ 1831 నాటివి. పుస్తకంలోని ఊరికీ దారిలోని ఊరికీ మధ్య ఒక కరువు జరిగింది. 1869లో రెండవ కూర్పు వచ్చినప్పుడు గాని, 1941లో దిగవల్లి వేంకట శివరావు తన పరిష్కరణను వెలువరించినప్పుడు గాని ఆ మజిలీల పట్టిక పాతదే. గుంటూరు, ఒంగోలు సీమలలో ఆ పట్టికలోని ఊళ్ళను ఒక్కొక్కటిగా తీసుకుని, కరువుకు ముందూ వెనుకా వాటి జమాబందీ లెక్కలతో పోల్చి చూడడం ఈ ప్రాంతపు పరిశోధకుల ముందున్న పని. లెక్కలు రాజ్యాభిలేఖాగారాల్లోనూ, ఊళ్ళు ఇంకా రహదారి పక్కనా ఉన్నాయి.